తనిఖీలు పగలు, ప్రమాదాలు రాత్రి: అధికారులకు, బండ్ల ఓనర్లకు బహిరంగ లేఖ

ఉమ్మడి వరంగల్ జిల్లాలోని రవాణా, పోలీసు, రహదారులు, మార్కెటింగ్ శాఖల అధికారులకు, లారీ ట్రాక్టర్ ఓనర్లకు, డ్రైవరన్నలకు నమస్కారం.

నేను పరకాల రోడ్డు మీద సెల్ఫ్ డైనమో షాపు నడుపుతాను. హెడ్‌లైటు, ఇండికేటరు, హారన్, వైరింగు, ఇదే నా బతుకుదెరువు. ఏ బండికి ఏ లైటు వెలగడం లేదో, ఎందుకు వెలగడం లేదో, ఓనరు దాన్ని ఎందుకు బాగు చేయించుకోడో మాలాంటి వాళ్లకు తెలిసినంత మీ రికార్డులకు తెలియదు. అందుకే పక్క షాపులవాళ్లం, ఆటో డ్రైవర్లం, రోజూ హనుమకొండకు బండి మీద పోయివచ్చే పిల్లలం బండ్ల లైట్లు రాత్రిపూట తనిఖీ చేయాలని సంతకాలు పెట్టి ఒక అర్జీ ఇచ్చాం. ఒక కార్యాలయం దాన్ని ఇంకో కార్యాలయానికి పంపింది. అక్కడికి పోతే "మాది రోడ్డు, బండ్ల సంగతి మాది కాదు" అన్నారు. ఇంకోచోట రోడ్డు కూడా తమది కాదన్నారు. ఆ కార్యాలయాల పేర్లు రాయను. ఎవరినీ బజారుకీడ్చాలన్న ఆలోచన లేదు. జవాబు రాలేదు కాబట్టి అదే మాట అందరికీ వినపడేలా చెబుతున్నాను.

హెల్మెట్ లేకుంటే వెనుక నుంచి ఫోటో తీసి చలానా పంపుతున్నారు. మంచిదే, హెల్మెట్ పెట్టుకోవాల్సిందే. కానీ హెల్మెట్ పెట్టుకోనివాడు ముందు తన తలకే ముప్పు తెచ్చుకుంటాడు. వెనుక లైటు లేకుండా ట్రాలీ నడిపేవాడు ఊరందరి తలకూ తెస్తాడు. మొదటివాడికి చలానా, రెండోవాడికి దారి. ఇదేం లెక్కో మాకు అర్థం కావడం లేదు.

కారణం వెతికితే ఒకటే కనిపిస్తుంది. మీ వాహన తనిఖీలు చౌరస్తాల్లో, ఎండ పూట జరుగుతాయి. ఎండలో ప్రతి బండికీ లైట్లు ఉన్నట్టే ఉంటుంది. రాత్రిపూట జరిగేది డ్రంక్ అండ్ డ్రైవ్ ఒక్కటే. అక్కడ డ్రైవరు నోటి ముందు మిషను పెడతారు తప్ప బండి వెనక్కి నడిచి వెళ్లి చూసేవారు లేరు.

కొత్త చట్టం అడగడం లేదు. ఉన్నవి చాలు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 105వది పొద్దుగూకిన అరగంట తర్వాత బండికి ఏయే లైట్లు వెలగాలో చెబుతుంది. ముందు లైటు 155 మీటర్ల దూరంలో ఉన్న మనిషి కనిపించేంత ఉండాలి. 106వది ఆ లైటు ఎదుటివాడి కంట్లో కొట్టకూడదంటుంది. కొలత కూడా ఇచ్చింది: 8 మీటర్ల ముందు, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కన్ను. ఇంచుమించు మోటర్‌సైకిల్ మీద కూర్చున్నవాడి కంటి ఎత్తు అది. 111వది ముందు వైపు సెర్చిలైట్లు బిగించవద్దంటుంది. ఓవర్‌టేక్ ఎలా చేయాలో 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతాయి. ఇవన్నీ కాగితం మీద బాగున్నాయి. రోడ్డు మీద ఎలా ఉందో వరుసగా రాస్తాను.

1. ట్రాలీ వెనుక చీకటి.

పత్తి, వడ్లు, మక్కలు, గడ్డి, ఇటుక, ఇసుక, మా వైపు ఏది కదలాలన్నా ట్రాక్టరే. తెల్లారేసరికి ఏనుమాముల మార్కెట్లో వరుసలో ఉండాలని పత్తి ట్రాలీలు రాత్రే బయలుదేరతాయి. ముందు రెండు లైట్లు వెలుగుతాయి. టాపు మీద పాటల బాక్సుకు రంగురంగుల బల్బులు వెలుగుతాయి. ట్రాలీ వెనుక మాత్రం నల్లటి ఇనుప గోడ. గడ్డి ట్రాలీ అయితే ఆ గోడ కూడా కనపడదు, రోడ్డు సగం వరకు వేలాడే గడ్డి మోపులే.

ఎందుకు వెలగవో చెబుతాను. ట్రాక్టర్ వెనుక ఏడు పిన్నుల సాకెట్ ఉంటుంది, ట్రాలీ వైరు అందులో పెట్టాలి. కల్టివేటర్ తగిలించడానికి ట్రాలీని విప్పేటప్పుడు కొక్కెం పిన్ను తీస్తారు, వైరు పీకడం మరిచిపోతారు. ట్రాక్టర్ ముందుకు కదలగానే వైరు తెగుతుంది. తెగకపోయినా ఎర్తు, అంటే కరెంటు తిరిగి వచ్చే దారి, దొరకదు. చాలా ట్రాలీలకు ఎర్తు వైరు విడిగా లాగరు. కరెంటు కొక్కెం ఇనుము మీదుగానే తిరిగి రావాలి. అక్కడ తుప్పు, గ్రీజు, మట్టి. గుంతలో పడ్డప్పుడు ఒకసారి వెలిగి, ఎక్కగానే ఆరిపోయే లైట్లు మీరూ చూసే ఉంటారు. అది బల్బు తప్పు కాదు, ఎర్తు తప్పు. ఒక ఎర్తు వైరు, రెండు బల్బులు, వెనుక డోరుకు అడ్డంగా ఎర్ర రేడియం టేపు. ట్రాక్టర్ ఒక పూట తాగే డీజిల్ ఖర్చు కూడా కాదు. "పొలం కాడికే గదా అన్నా, మళ్ల చూద్దాం" అంటారు. పొలానికి పోవాలన్నా దారి హైవే మీదే కదా!

ఇంకో సంగతి. పొలం పని కోసం ట్రాక్టర్ వెనుక తెల్ల లైటు ఒకటి ఉంటుంది. ట్రాలీ లేనప్పుడు కొందరు దాన్ని రోడ్డు మీద కూడా వేసుకొని పోతారు. వెనుక వచ్చేవాడికి అది ఎదురుగా వస్తున్న బండిలా కనిపిస్తుంది. వాడు ఎటు తప్పుకోవాలి?

ఇక అసలు బాధ. చీకట్లో ట్రాలీని వెనుక నుంచి గుద్ది మోటర్‌సైకిల్ మీది పిల్లవాడు పోతాడు. తెల్లారి పేపర్లో ఏం వస్తుంది? "అతివేగంగా, అజాగ్రత్తగా నడుపుతూ ముందు వెళ్తున్న ట్రాక్టర్‌ను ఢీకొట్టాడు." కేసు కూడా ఇంచుమించు అదే మాటతో మొదలవుతుంది. ట్రాలీకి వెనుక లైటు ఉందా లేదా అన్న ముచ్చటే రాదు. రవాణా శాఖ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి బండిని చూసే సమయానికి అది స్టేషన్ ఆవరణలో ఎండలో ఉంటుంది. బ్రేకులు బాగున్నాయని రాస్తారు. ఈలోపు ఎవరైనా రేడియం టేపు అతికించినా అడిగేవారు ఉండరు. చనిపోయినవాడి మీదే తప్పు పడుతుంది. పరిహారం కోసం తల్లిదండ్రులు కోర్టుకు పోతే, "మీవాడే కదా వెనుక నుంచి వచ్చి గుద్దింది" అన్న ప్రశ్న ఎదురవుతుంది. దానికితోడు ట్రాక్టర్‌కు ఇన్సూరెన్స్ ఉంటుంది, చాలా ట్రాలీలకు రిజిస్ట్రేషనే ఉండదు. ఆ చిక్కుముడి విప్పుకునేసరికి ఏళ్లు గడుస్తాయి. కొడుకు పోయిన ఇంటిమీద, తప్పు కూడా వాడిదే అన్న ముద్ర వేస్తున్నాం.

2. కండ్లు పోగొట్టే తెల్ల లైట్లు.

లైటు మార్చమని వచ్చే కుర్రవాళ్లు కొందరు నోరు విడిచి అడుగుతారు: "అన్నా, ఎదుటోడు కండ్లు మూసుకోవాలె, గట్ల ఉండాలె." కారు కొన్నప్పుడు వచ్చిన హాలోజన్ బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. డిమ్ ఫిలమెంటు కింద చిన్న రేకు గిన్నెలా ఉంటుంది. వెలుగు పైకి పోకుండా ఆపేది అదే. హెడ్‌లైటు లోపల బల్బు వెనుక ఉండే అద్దం వంపు కూడా ఆ ఫిలమెంటు ఎక్కడుందో లెక్క చూసి చేసిందే. ఆ హోల్డర్‌లో బజారులో దొరికే ఎల్‌ఈడీ బల్బు తోస్తే లెక్క మొత్తం తప్పుతుంది. వెలుగు నాలుగు దిక్కులా చిమ్ముతుంది. బంపర్ ముందు నేల తెల్లగా మెరుస్తుంది కాబట్టి నడిపేవాడికి బ్రహ్మాండంగా ఉన్నట్టు అనిపిస్తుంది. దూరం చూపు పెరగదు. పెరిగేది ఎదుటివాడి బాధ ఒక్కటే.

ఆ వెలుగు కంట్లో పడ్డాక చూపు తిరిగి కుదురుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మూడు సెకన్లంటే 50 మీటర్లు. ఆ 50 మీటర్లు కండ్లకు గంతలు కట్టుకొని నడిపినట్టే. అందులో సైకిల్ ఉందో, బర్రె ఉందో, కొండగట్టుకు మాల వేసుకొని నడిచిపోయే స్వాములే ఉన్నారో ఎవరికి తెలుసు? వయసు మీదపడ్డవాళ్లకు, కంట్లో పొర వస్తున్నవాళ్లకు చూపు కుదురుకోవడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. మా షాపుకొచ్చే పెద్దమనుషులు కొందరు పొద్దుగూకితే బండి తీయడమే మానేశారు. రాత్రి మనవరాలికి జ్వరమొస్తే ఆటో కోసం పక్కింటి తలుపు తట్టాల్సిందే.

లారీల వెనుక రాత్రిపూట డిప్పర్ వాడమని, అంటే లైటు డిమ్ చేయమని, పెద్ద అక్షరాలతో రాయించుకుంటారు. ఆ లారీకే ముందు క్యాబిన్ మీద వరుసగా నాలుగు లైట్లు. రాత వెనుక వచ్చేవాడికి, వెలుగు ఎదురొచ్చేవాడికి!

3. కుడి ఇండికేటర్‌కు మూడు అర్థాలు.

పరకాల నుంచి భూపాలపల్లి దాకా బొగ్గు లారీలు, ఇసుక లారీలు ఒకదాని వెనుక ఒకటి పోతుంటాయి. ముందు లారీ కుడి ఇండికేటర్ వేస్తాడు. "ముందు ఖాళీగా ఉంది, దాటుకో" అని ఒక డ్రైవరు ఉద్దేశం. "నేను కుడికి తిరుగుతున్నా, ఆగు" అని ఇంకో డ్రైవరు ఉద్దేశం. "ఎదురుగా బండి వస్తోంది, రాకు" అని మూడో డ్రైవరు వేస్తాడు. వెనుక ఉన్న ఆటోవాడు ఏదని అనుకోవాలి? ఆటోలో ఏడెనిమిది మంది మిర్చి ఏరబోయే ఆడవాళ్లు కూర్చుని ఉంటారు. దాటుకోమన్నాడనుకొని కుడికి వచ్చాడంటే, అదే సమయానికి లారీ పెట్రోలు బంకులోకి కుడికి తిరిగిందంటే, ఆ రోజు ఊళ్లోకి ఎన్ని అంబులెన్సులు వస్తాయో చెప్పలేం.

డ్రైవరన్నలారా, మీరు మంచి మనసుతోనే దారి ఇస్తున్నారు, కాదనను. కానీ ఇండికేటర్ మీ బండి ఎటు పోతుందో చెప్పడానికే. వెనుకవాడికి దారి ఇవ్వాలంటే ఎడమకు జరిగి వేగం తగ్గించండి చాలు. దాటాలో లేదో వాడి కండ్లతో వాడు చూసుకుంటాడు.

చౌరస్తాలో నేరుగా పోవడానికి నాలుగు ఇండికేటర్లూ వేసే అలవాటు ఒకటి వచ్చింది. పక్కన ఉన్నవాడికి మీ బండి ఒక వైపే కనిపిస్తుంది, వాడికి మీరు తన వైపు తిరుగుతున్నట్టే లెక్క. ఆ నాలుగు లైట్లు ఆగిపోయిన బండికి. ఆటోవాళ్లు ఎడమ కాలు బయట పెట్టడం గురించి ఏం రాయమంటారు, పగలు నవ్వుకుంటాం, రాత్రి కాలు కనపడదు. మోటర్‌సైకిళ్ల సంగతి వేరు. ఎప్పుడో వేసిన ఇండికేటర్ ఆర్పకుండా రెండు ఊర్లు దాటుతారు. అన్నట్టు, ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి. టకటకమని మామూలుకన్నా వేగంగా కొట్టుకుంటుంటే ఆ వైపు ఒక బల్బు పోయినట్టు. బండి దిగి చూసుకుంటే తెలిసిపోతుంది, మా దగ్గరికి రానక్కర్లేదు.

4. లైటు కొడితే దిగిపోవాలా?

రెండు వరుసల రోడ్డు మీద బస్సో టిప్పరో ముందున్న లారీని దాటడానికి కుడికి వస్తుంది. ఎదురుగా మోటర్‌సైకిల్ మీద భార్యాభర్తలు, మధ్యలో పిల్ల. పెద్ద బండి ఆగదు. లైటు రెండుసార్లు కొడుతుంది. ఆ సైగకు అర్థం మా రోడ్డు మీద అందరికీ తెలుసు: "దిగు." తారు అంచు దాటితే జానెడు లోతు మట్టి. వానాకాలం అది బురద. దిగితే జారి పడతారు, దిగకపోతే చెప్పనక్కర్లేదు. ఇలా పడ్డవాళ్లను ఢీకొట్టిన బండి ఏదీ ఉండదు కాబట్టి అది "సెల్ఫ్ యాక్సిడెంట్". పెద్ద బండి నంబరు ఏ కాగితంలోనూ ఉండదు.

ఎదురొచ్చేవాడికి ఇబ్బంది కలగదనుకుంటేనే దాటాలి, దాటించుకునేవాడు వేగం పెంచకూడదు. నిబంధన ఇంతే. మా వైపు దాటబోతే చాలు, పక్కవాడి కాలు యాక్సిలరేటర్ మీద పడుతుంది. పౌరుషం చూపించుకోవడానికి వంతెన మీదే చోటు దొరుకుతుంది.

2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోయినవాళ్లే. పెద్ద బండి దిగమని లైటు కొట్టేది ఎవరికో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

5. రోడ్డు మీద వడ్లు, రాళ్లు.

కోతల కాలంలో సగం రోడ్డు కల్లం అవుతుంది. రాత్రి వడ్ల మీద నల్ల తాటిపత్రి కప్పి, చుట్టూ బండరాళ్లు పెడతారు. రైతును తిట్టను, ఆరబోయడానికి జాగా లేకనే రోడ్డు మీదికి వస్తున్నాడు. కనీసం ఆ రాళ్లకు సున్నం పూయండి, నాలుగు మూలలా రేడియం ముక్కలు పెట్టండి. చెడిపోయిన లారీ చుట్టూ పెట్టే రాళ్లూ ఇంతే. లారీ పోతుంది, రాళ్లు ఉంటాయి.

ఇక మేం అడిగేవి.

ఒకటి, తనిఖీ రాత్రి పెట్టండి. సాయంత్రం 7 నుంచి 10 దాకా, పరకాల, ములుగు, నర్సంపేట, హుజూరాబాద్, ఖమ్మం రోడ్ల మీద, పత్తి వడ్లు కదిలే నెలల్లో వారానికి ఒక్క రాత్రి చాలు. నోటి ముందు మిషను పెట్టిన చోటే ఒక కానిస్టేబుల్ బండి వెనక్కి నడిస్తే సగం పని అయిపోతుంది.

రెండు, ప్రమాదం జరిగిన చోటే, బండి కదలకముందే, వెనుక లైటు, రేడియం టేపు, నంబరు ప్లేటు ఫోటోలు తీయాలి. లైటు వెలుగుతుందో లేదో పంచనామాలో రాయాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో బ్రేకులతో పాటు లైట్ల గురించి కూడా తప్పకుండా ఉండాలి. మిగతావన్నీ ఆలస్యమైనా సరే, ఇది మాత్రం రేపటి నుంచే మొదలుపెట్టండి. దీనికి పైసా ఖర్చు లేదు, సెల్‌ఫోన్ ఉంటే చాలు.

మూడు, ట్రాలీ ఎటు తిరిగినా చివరికి మార్కెట్ యార్డుకో, జిన్నింగ్ మిల్లుకో, కొనుగోలు కేంద్రానికో రావాల్సిందే. గేటు దగ్గర చీటీ ఇచ్చేటప్పుడు వెనుక లైటు చూడండి. మొదటిసారి జరిమానా వద్దు. రేడియం టేపు అక్కడే అతికించి పంపండి. రెండోసారి కూడా లేకుంటే అప్పుడు రాయండి.

నాలుగు, పల్లె ప్రగతి కింద ఊరూరికీ పంచాయతీ ట్రాక్టర్ ఇచ్చారు. ముందు వాటి ట్రాలీలకు లైట్లు పెట్టించండి. సర్కారు బండికే లేకుంటే రైతును అడిగే మొహం ఎవరికి ఉంటుంది?

ఐదు, ఫిట్‌నెస్ ఇచ్చేటప్పుడు లైటు వెలుగుతుందా అని మాత్రమే కాదు, ఎక్కడ పడుతుందో కూడా చూడాలి. క్యాబిన్ మీది అదనపు లైట్లు విప్పించాకే కాగితం ఇవ్వాలి. ఈ బల్బులు అమ్మే షాపుల మీద కూడా నిఘా పెట్టండి. నా బేరం కూడా తగ్గుతుంది, తగ్గనివ్వండి.

జనవరి వస్తే రోడ్డు భద్రతా మాసం అని ర్యాలీలు, ఫ్లెక్సీలు, హెల్మెట్ లేనివాడికి గులాబీ పూలు. చేతకాక చేయడం లేదని మాత్రం అనలేం. మేడారం జాతరప్పుడు ఇదే రోడ్ల మీద వన్‌వే పెట్టి, తిరుగు బండ్లను భూపాలపల్లి, పరకాల మీదుగా మళ్లించి, మలుపు మలుపునా పోలీసులు టార్చిలైట్లు పట్టుకొని నిలబడటం మేమంతా చూశాం. అంత పనిలో వందో వంతు మామూలు రోజుల్లో అడుగుతున్నాం.

మా వంతు ఏమిటో కూడా రాస్తున్నాను. మీరు రాత్రి తనిఖీ పెట్టే తేదీ, చోటు ఒకరోజు ముందు చెప్పండి. ఈ రోడ్డు మీది సెల్ఫ్ డైనమో షాపులవాళ్లం కొందరం మాట్లాడుకున్నాం. బల్బులు, ఎర్తు వైర్లు, రేడియం టేపు తీసుకొని అక్కడికే వస్తాం. ఆపిన ట్రాలీలకు అక్కడే బిగిస్తాం. సామాను ఖరీదు ఓనరు ఇచ్చుకుంటాడు, మా కూలి వద్దు. నెల రోజులు చూస్తాం. అప్పటికీ జవాబు రాకపోతే ఈసారి సంతకాలతో పాటు ఈ రోడ్డు మీద మనుషులను పోగొట్టుకున్న ఇళ్లవాళ్లం కూడా కలిసి మీ కార్యాలయానికి వస్తాం.

ఇట్లు,
పరకాల రోడ్డు మీది ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
అర్జీ మీద సంతకాలు పెట్టిన అందరి తరఫున